చలికాలం సెలవుల్లో పిల్లాపాపలతో పట్నం ప్రయాణం – ఆరోగ్య జాగ్రత్తలు



వరి కోతలు ముగిసి, పత్తి తీతలు ఒక దారికి వచ్చి, చేతిలో నాలుగు డబ్బులు ఆడే కాలం ఇది. బడులకు, హాస్టళ్ళకు క్రిస్మస్ సెలవులు, ఆ వెనుకనే సంక్రాంతి సెలవులు వస్తాయి. చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం, పాల్వంచ, ఇల్లెందు, ఖమ్మం – ఎక్కడ ఉన్నా ఈ సెలవుల్లో మన పిల్లలు అడిగేది ఒక్కటే: "హైదరాబాదు ఎప్పుడు వెళ్దాం?" అక్కడ చదువుకునే కొడుకో, పనిచేసే అల్లుడో రమ్మని పిలుస్తాడు. జూపార్కు చూడాలని పిల్లలు, చార్మినార్ చూడాలని పెద్దలు సంబరపడతారు.

తప్పకుండా వెళ్ళిరండి. ఏడాదంతా చాకిరీ చేసిన వారికి నాలుగు రోజుల మార్పు ఎంతో అవసరం. అయితే మన ఏజెన్సీ ప్రాంతం నుండి పట్నం వెళ్ళే కుటుంబాలు మరింత శ్రద్ధగా చూసుకోవలసిన విషయాలు మూడు ఉన్నాయి. అవి చలి, జ్వరం, జనసమ్మర్దం. ఈ మూడింటిని గురించి ఈ పాఠంలో వివరంగా తెలుసుకుందాం.

1. బయలుదేరే ముందు

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బు ఉన్నదో, ఎవరు రోజూ ఏ మందు వాడుతున్నారో ఒక కాగితం మీద రాసుకోండి. బి.పి., షుగర్, ఉబ్బసం, మూర్ఛ, టి.బి. – ఏదైనా సరే, వెళ్ళే రోజులకు సరిపడా మందులతో పాటు అదనంగా ఒక వారానికి సరిపడా తీసుకోండి. పట్నంలో మందుల షాపులు వీధికొకటి ఉంటాయి, నిజమే. కాని చీటీ లేకుండా "తెల్లని చిన్న బిళ్ళ" అని అడిగితే ఎవరూ ఇవ్వలేరు. డాక్టరు చీటీలు, ఆరోగ్యశ్రీ కార్డు, ఆధార్ కార్డు ఒకే సంచిలో పెట్టండి. ఆ సంచి బస్సు పైనో, డిక్కీలోనో కాదు, మీ చేతిలోనే ఉండాలి.

మలేరియాకు మందు వాడుతున్నవారు ఒక మాట గుర్తుంచుకోండి. వైవాక్స్ రకం మలేరియాకు ప్రైమాక్విన్ బిళ్ళలు 14 రోజులు ఇస్తారు. జ్వరం మూడో రోజుకే తగ్గిపోతుంది గనుక చాలామంది ప్రయాణం హడావిడిలో మిగతా బిళ్ళలు గూట్లోనే వదిలేస్తారు. కాలేయంలో దాగిన క్రిములు అప్పటికి చావవు. వారాలు, నెలలు గడిచాక అవే మళ్ళీ జ్వరం తెస్తాయి. బిళ్ళలు వెంట తీసుకువెళ్ళండి, కోర్సు పూర్తి చేయండి. ఈ మందు గర్భిణులు, పసిపిల్లలు వాడకూడదు. కొందరికి రక్తపరీక్ష చేసిన తరువాతనే ఇస్తారు. కాబట్టి ఒకరి బిళ్ళలు మరొకరు మింగవద్దు.

2. దారిలో

భద్రాచలం నుండి హైదరాబాదుకు రోడ్డు మార్గాన 300 కిలోమీటర్ల పైమాటే. రైలులో వెళ్ళేవారు ఎక్కే "భద్రాచలం రోడ్" స్టేషన్ కొత్తగూడెంలో ఉంది; భద్రాచలం ఊరికి అది సుమారు 40 కిలోమీటర్లు. ఏ దారిన వెళ్ళినా రాత్రి ప్రయాణమైతే చలి తప్పదు.

• పిల్లలకు ఒక్క మందపాటి స్వెట్టరుకు బదులు రెండు మూడు పలుచని బట్టలు ఒకదానిపై ఒకటి తొడగండి. తల, చెవులు, పాదాలు కప్పి ఉంచండి. ఏ.సి. బస్సు అయితే దుప్పటి తప్పనిసరి.

• వాంతులు అయ్యే పిల్లలను ముందు సీట్లలో కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతోను, నిండు కడుపుతోను ఎక్కించవద్దు. రెండు ఇడ్లీలో, కాస్త జావో చాలు.

• కాచి చల్లార్చిన నీళ్ళు ఇంటి నుండే తీసుకువెళ్ళండి. రెండు ఓ.ఆర్.ఎస్. పొట్లాలు సంచిలో వేయండి.

• పెద్ద వయసువారు, గర్భిణులు గంటల తరబడి కాళ్ళు వేలాడదీసి కూర్చుంటే కాళ్ళు వాస్తాయి. బస్సు ఆగిన ప్రతిచోట దిగి నాలుగు అడుగులు వేయాలి.

• దారిలో మూత్రానికి చోటు దొరకదని మన స్త్రీలు చాలామంది నీళ్ళు తాగడమే మానేస్తారు. దీనివల్ల మూత్రంలో మంట, చలిజ్వరం వస్తాయి. పెద్ద బస్టాండ్లలో మరుగుదొడ్లు ఉంటాయి. మొహమాటం వదిలి డ్రైవరుకు చెప్పి ఆపించుకోండి.

3. పట్నంలో చలి

భద్రాచలం గోదావరి ఒడ్డున, సముద్ర మట్టానికి కేవలం 50 మీటర్ల ఎత్తులో ఉంది. హైదరాబాదు దక్కను పీఠభూమి మీద 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరి రాత్రులలో అక్కడ వేడి 15 డిగ్రీల లోపుకు, కొన్ని రోజులు 10 డిగ్రీల దాకా పడిపోతుంది. మన అడవి పల్లెల్లోనూ తెల్లవారుజామున వణికించే చలి ఉంటుంది. కాని ఇక్కడ పొయ్యి దగ్గర కూర్చుంటాం, పొద్దెక్కగానే ఎండలో నిలబడతాం. పట్నంలో చాలా ఇళ్ళకు ఎండ తగలదు. పొగమంచుతో పాటు వాహనాల పొగ కూడా పొద్దుటిపూట కిందికే దిగి ఉంటుంది. ఉబ్బసం ఉన్నవారు, గుండెజబ్బు, బి.పి. ఉన్న పెద్దలు ఎండ వచ్చాకే బయటికి వెళ్ళాలి. ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

చలికి భయపడి చేసే కొన్ని పనులు చలికన్నా ప్రమాదకరం. ఈ నాలుగింటిని జాగ్రత్తగా చదవండి.

(అ) కుంపటి: తలుపులు, కిటికీలు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని పడుకోవద్దు. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. తలనొప్పి, మత్తు వచ్చి నిద్రలోనే ప్రాణం పోతుంది. తాటాకు ఇంట్లో, తడికల ఇంట్లో గాలి సందుల గుండా ఆడుతుంది. సిమెంటు గదిలో ఆ సందులు ఉండవు.

(ఆ) గ్యాస్ గీజరు: చిన్న స్నానాల గదుల్లో గ్యాసుతో నీళ్ళు కాచే గీజర్ల వల్ల కూడా ఇదే ప్రమాదం. గది కిటికీ తెరిచి ఉంచండి. బకెట్ నిండగానే గీజరు ఆపి, ఆ తరువాతనే స్నానం చేయండి.

(ఇ) హీటరు రాడ్డు: బకెట్లో రాడ్డు ఉండగా నీళ్ళు కాగాయా లేదా అని వేలు పెట్టి చూడవద్దు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు తీసిన తరువాతనే నీళ్ళు ముట్టుకోండి. పిల్లలున్న చోట బకెట్ ఒంటరిగా వదలవద్దు.

(ఈ) వేడినీళ్ళ కుళాయి: మన పిల్లలకు రెండు కుళాయిల అలవాటు ఉండదు. సలసల కాగే నీళ్ళు ఒక్కసారి మీద పడితే ఒళ్ళు బొబ్బలెక్కుతుంది. బకెట్లో ముందు చన్నీళ్ళు పట్టి, తరువాత వేడినీళ్ళు కలపండి. కాలితే పది, ఇరవై నిమిషాలు మామూలు కుళాయి నీళ్ళ ధార కింద ఉంచండి. పసుపు, సిరా, టూత్‌పేస్టు పూయవద్దు.

4. సికిల్ సెల్ ఉన్న బిడ్డకు చలి శత్రువు

ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇది. మన ప్రాంతంలోని కోయ కుటుంబాలలోను, మరికొన్ని కుటుంబాలలోను సికిల్ సెల్ అనే రక్తజబ్బు ఉంది. ఇది అంటువ్యాధి కాదు, శాపం కాదు. తల్లిదండ్రుల నుండి పుట్టుకతో వస్తుంది. మామూలుగా ఎర్ర రక్తకణాలు గుండ్రంగా, మెత్తగా ఉండి సన్నని రక్తనాళాలలో కూడా జారిపోతాయి. ఈ జబ్బు ఉన్నవారిలో అవి కొడవలి ఆకారంలోకి వంగి, గట్టిపడి, నాళాలకు అడ్డుపడతాయి. అడ్డుపడిన చోట భరించలేని నొప్పి వస్తుంది.

తల్లి నుండి గాని, తండ్రి నుండి గాని ఒక్కరి నుండే ఈ లక్షణం వస్తే ఆ మనిషి సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాడు. పైగా ప్రాణం తీసే తీవ్రమైన మలేరియా నుండి కొంత రక్షణ కూడా పొందుతాడు. మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాలలో ఈ లక్షణం తరతరాలుగా నిలిచిపోవడానికి కారణం ఇదే. ఇద్దరి నుండీ వస్తే మాత్రం బిడ్డకు జబ్బు వస్తుంది. అలాంటి బిడ్డకు మలేరియా కూడా ఎంతో ప్రమాదం.

నొప్పులను రేపేవి ముఖ్యంగా నాలుగు: చలి, ఒంట్లో నీరు తగ్గడం, అలసట, జ్వరం. చలికాలం ప్రయాణంలో ఈ నాలుగూ ఒకేసారి కలుస్తాయని గమనించారా? ఒక ఉదాహరణ చూద్దాం. సికిల్ సెల్ ఉన్న ఎనిమిదేళ్ళ పిల్లవాడు రాత్రంతా కిటికీ పక్కన చలిగాలిలో బస్సులో వచ్చాడు. దారిలో నీళ్ళు సరిగా తాగలేదు. దిగిన రోజే ఎండలో మైళ్ళకొద్దీ నడిచాడు. సాయంత్రం బంధువుల పిల్లలతో కలిసి ఈత కొలనులో దిగాడు. ఆ రాత్రి వాడు కాళ్ళు, నడుము పట్టుకొని ఏడిస్తే అది "తిరిగిన నొప్పి" అనుకొని కాళ్ళు పిసికి పడుకోబెడతారు. అది సికిల్ నొప్పి. తెల్లవారేసరికి ఛాతీకి ఎక్కితే ప్రాణం మీదికి వస్తుంది.

అందుచేత –

• ఇంకా సికిల్ పరీక్ష చేయించుకోనివారు ప్రయాణానికి ముందే మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి. సికిల్ సెల్ నిర్మూలన కోసం కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షాడోల్‌లో ఒక జాతీయ కార్యక్రమం ప్రారంభించింది. 2047 నాటికి ఈ జబ్బును రూపుమాపాలన్నది దాని లక్ష్యం. అందులో పరీక్ష చేసి కార్డు ఇస్తారు. ఆ కార్డు వెంట ఉండాలి. ఏజెన్సీ రోగులను ఎప్పుడూ చూడని డాక్టరుకు సికిల్ సంగతి వెంటనే తట్టకపోవచ్చు. కార్డు చూపితే గంటల సమయం కలిసివస్తుంది.

• ఫోలిక్ ఆసిడ్, హైడ్రాక్సీయూరియా మందులు ఒక్క రోజు కూడా మానవద్దు.

• దాహం వేయకపోయినా గంటకొకసారి గోరువెచ్చని నీళ్ళు తాగించండి. ఈ జబ్బులో మూత్రపిండాలు నీటిని పట్టి ఉంచలేవు గనుక మూత్రం ఎక్కువగా పోతుంది. రాత్రి పక్క తడుపుతాడని, బంధువుల ఇంట్లో పరువు పోతుందని నీళ్ళు మాన్పించవద్దు. పక్క కింద ప్లాస్టిక్ గుడ్డ వేసి, రెండుసార్లు నిద్ర లేపండి. బిడ్డను తిట్టకండి.

• ఈత కొలనులు, చన్నీళ్ళ స్నానాలు, మంచుగడ్డ వేసిన పానీయాలు వద్దు.

• నొప్పి మొదలైతే వెచ్చగా కప్పి, నీళ్ళు బాగా తాగించి, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసెటమాల్ ఇవ్వండి. నొప్పి ఉన్న చోట ఐసు పెట్టకూడదు.

• 101 డిగ్రీల జ్వరం, ఛాతీనొప్పి, ఆయాసం, మూతి వంకర పోవడం, కాలుచేయి పడిపోవడం, ఉన్నట్టుండి పాలిపోవడం, ఎడమవైపు కడుపు ఉబ్బడం – వీటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

5. జ్వరం వస్తే చెప్పవలసిన ఒక్క మాట

మలేరియా దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. ఫాల్సిపారమ్ రకం సాధారణంగా ఒకటి రెండు వారాల తరువాత బయటపడుతుంది. అంటే మీ ఊళ్ళో కుట్టిన దోమ జ్వరం పట్నంలో రావచ్చు. చలికాలంలో వచ్చే జ్వరాన్ని పట్నంలో చాలామంది జలుబు జ్వరం అనుకుంటారు. కాబట్టి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి: "మేము భద్రాచలం ఏజెన్సీ నుండి వచ్చాం, మలేరియా పరీక్ష చేయించండి." ఈ ఒక్క మాట ప్రాణం కాపాడగలదు. మొదటి పరీక్షలో మలేరియా లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే, ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ పరీక్ష చేయించాలి. మగత, ఫిట్లు, ఆగని వాంతులు, పచ్చకామెర్లు, నల్లని మూత్రం ఉంటే అది తీవ్ర మలేరియా కావచ్చు. ఆలస్యం చేయరాదు.

ఒక విశేషం చెప్పుకుందాం. మలేరియా దోమ ద్వారా వస్తుందన్న రహస్యం బయటపడింది ఆ జంటనగరాలలోనే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో పనిచేస్తున్న రోనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు దోమ కడుపులో మలేరియా క్రిమిని సూక్ష్మదర్శినిలో చూశాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. బేగంపేటలో ఆయన పరిశోధన చేసిన భవనం నేటికీ ఉంది. నల్లకుంటలోని ఫీవర్ ఆసుపత్రి ఆయన పేరుతోనే నడుస్తున్నది. హైస్కూలు పిల్లలకు ఈ సంగతి చెప్పండి. మనం ఇంట్లో కట్టే దోమతెర వెనుక ఎంత కథ ఉందో వారికి తెలుస్తుంది.

పట్నంలో మరో దోమ ఉంది. డెంగ్యూ దోమ పగటిపూట కుడుతుంది. పూలకుండీల కింది పళ్ళాలలో, మూతలేని డ్రమ్ములలో పెరుగుతుంది. జ్వరానికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి బిళ్ళలు మీ అంతట మీరు వేసుకోవద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం కావచ్చు.

6. చూడవలసినవి – ఒంటికి తగినంతగా

"వచ్చిందే నాలుగు రోజులు, అన్నీ చూసేయాలి" అనే తొందరలోనే చాలామంది మంచాన పడతారు. రోజుకు రెండు చోట్లు చాలు. మధ్యాహ్నం ఒక గంట విశ్రాంతి ఉండాలి.

నెహ్రూ జూపార్కు 1963లో ప్రారంభమైంది. సుమారు 380 ఎకరాల స్థలం. మొత్తం నడవాలంటే పెద్దలకే కష్టం. ముసలివారు, సికిల్ బిడ్డలు లోపల దొరికే బ్యాటరీ బండి ఎక్కడం మంచిది. సోమవారం సెలవు.

సాలార్‌జంగ్ మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది. లోపలే ఉండి చూసేది గనుక చలి ఎక్కువ ఉన్న రోజుకు ఇది అనుకూలం.

చార్మినార్ 1591లో కట్టినది. పైకి వెళ్ళే మెట్లు సన్ననివి, నిటారుగా ఉంటాయి. గోల్కొండ కోట పైకి సుమారు 360 మెట్లు. మోకాళ్ళ నొప్పులు, గుండెజబ్బు, రక్తహీనత ఉన్నవారు కింద కూర్చొని చూస్తే చాలు. సికిల్ బిడ్డను పందెం పెట్టి ఎక్కించవద్దు.

నాంపల్లి నుమాయిష్ 1938 నుండి నడుస్తున్నది. ఏటా జనవరి 1న మొదలై సుమారు నెలన్నర ఉంటుంది. సెలవు రోజు సాయంత్రం కన్నా మామూలు రోజు పెందలాడే వెళ్ళడం మేలు. దుమ్ము ఎక్కువ గనుక ఉబ్బసం ఉన్నవారు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. 2019 జనవరి 30 రాత్రి ఇక్కడ అగ్నిప్రమాదం జరిగి ఎన్నో దుకాణాలు కాలిపోయాయి. అందుచేత లోపలికి వెళ్ళగానే బయటికి పోయే దారులు ఎటు ఉన్నాయో చూసుకోండి. తప్పిపోతే ఏ గేటు దగ్గర కలుసుకోవాలో ముందే అనుకోండి.

చిన్నపిల్లల జేబులో తండ్రి పేరు, ఫోను నంబరు రాసిన చీటీ పెట్టండి. తప్పిపోతే అపరిచితుల వెంట పోకుండా పోలీసు దగ్గరికి గాని, టికెట్లు ఇచ్చే చోటికి గాని వెళ్ళమని చెప్పండి. మెట్రో స్టేషన్లలో కదిలే మెట్ల మీద చీర కుచ్చెళ్ళు, చున్నీ, హవాయి చెప్పులు ఇరుక్కోకుండా చూసుకోవాలి. పిల్లలను చేయి పట్టుకొని ఎక్కించండి.

ఆహారం విషయంలో ఒకటే సూత్రం: కళ్ళ ముందు కాగినది తినండి, తొక్క తీసినది తినండి. కోసి పెట్టిన పండ్లు, రంగునీళ్ళు, పానీపూరీ నీళ్ళు మానండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. వెంటనే మొదలుపెట్టండి. పసిబిడ్డకు తల్లిపాలు ఆపవద్దు.

7. ఆపద వస్తే

108కి ఫోను చేస్తే అంబులెన్సు ఉచితంగా వస్తుంది. అడ్రసు చెప్పడానికి వీలుగా మీరు దిగిన ఇంటి పేరు, వీధి, దగ్గరి గుర్తు ఒక కాగితం మీద రాసి ఫోను కవరులో పెట్టుకోండి. ప్రభుత్వ ఆసుపత్రులలో పిల్లలకు నీలోఫర్, పెద్దలకు గాంధీ, ఉస్మానియా, జ్వరాలకు నల్లకుంట ఫీవర్ ఆసుపత్రి ఉన్నాయి. సికిల్ సెల్, తలసీమియా రోగుల కోసమే పనిచేసే సొసైటీ ఒకటి కూడా నగరంలో ఉంది. బిడ్డకు ఈ జబ్బు ఉంటే ఆ చిరునామా మీ డాక్టరును అడిగి ముందే తెలుసుకోండి.

8. తిరిగి వచ్చాక

ఇంటికి చేరగానే మూసి ఉన్న ఇంట్లో కుండలు, తొట్లలో నిలిచిన నీళ్ళు పారబోయండి. దోమతెరకు చిరుగులున్నాయేమో చూసి కుట్టండి. రెండు వారాలకు మించిన దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష చేయించుకోండి. జ్వరం వస్తే ఆశా కార్యకర్త దగ్గర రక్తపరీక్ష చేయించుకోండి.

మీ పట్నం బంధువులు ముక్కోటి ఏకాదశి తెప్పోత్సవానికో, గోదావరి చూడడానికో మీ ఇంటికి వస్తే, మీకు చెప్పిన పాఠమే వారికీ చెప్పండి. రాత్రి దోమతెరలోనే పడుకోబెట్టండి. తిరిగి వెళ్ళిన నెల రోజుల్లో జ్వరం వస్తే "భద్రాచలం వెళ్ళివచ్చాం" అని డాక్టరుకు చెప్పమనండి. నిండుచేతుల చొక్కాల మాట వారు నవ్వుతూ తీసిపారేసినా మీరు మాత్రం చెప్పడం మానవద్దు.

సంచి కట్టే ముందు సరిచూసుకోండి

1. రోజూ వాడే మందులు, డాక్టరు చీటీలు
2. సికిల్ కార్డు, ఆరోగ్యశ్రీ, ఆధార్ కార్డులు
3. ఓ.ఆర్.ఎస్., పారాసెటమాల్, థర్మామీటరు, దూది, కట్టు గుడ్డ
4. కాచిన నీళ్ళు, పిల్లలకు తినుబండారాలు
5. దుప్పటి, మఫ్లరు, మేజోళ్ళు
6. పిల్లల జేబుల్లో ఫోను నంబరు చీటీలు

ఈ పేజీని చింపి సంచిలో పెట్టుకున్నా మాకు సంతోషమే. చదువు రాని పెద్దలకు చదివి వినిపించండి, పక్కింటివారికి ఇవ్వండి. క్షేమంగా వెళ్ళి, లాభంగా రండి.